అమ్ములూ, ముందు ఏ రాకెట్టో తేల్చుకో

విజయవాడ
ఆదివారం పొద్దున్నే

అమ్ములూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. బల్ల నిండా తెల్ల ప్లాస్టిక్ ముక్కలు, పక్కన సగం తాగిన కాఫీ, దాని పక్కనే మూత తీసిన నల్ల రంగు సీసా. ఆ మూత ఎందుకు తీశావే తల్లీ? ఇంకా ఒక్క ముక్క అతకలేదు, ఒక్క జాయింటు రుద్దలేదు, అప్పుడే నలుపుతో పనేమొచ్చింది? చిన్నప్పట్నుంచీ నీకు ఇదే తొందర. సంక్రాంతికి మీ అమ్మ చుక్కలు పెడుతుంటే, గీతలు కలపకముందే వెనకాల రంగులు పోసుకుంటూ వచ్చేదానివి. సరేలే, కోప్పడటం లేదు. ఆఫీసూ, వంటా, బట్టలూ అన్నీ అయ్యాక ఒక శనివారం మిగుల్చుకుని శాటర్న్ ఫైవ్ రాకెట్టు బొమ్మ ముందు కూర్చున్నావంటే నాకెంత సంతోషంగా ఉందో.

ఇక్కడ అంతా కులాసా. మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, పొద్దున్నే కాలవగట్టు దాకా నడిచి వస్తోంది. మీ అత్త ఆవకాయ కలిపింది. ఈసారి ఉప్పు కాస్త ఎక్కువైందని నోరు జారాను, ఇంకా అలక తీరలేదు. ఆటోనగర్ షెడ్డు అద్దెకిచ్చేశాం. స్ప్రే గన్నూ, కంప్రెసరూ మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు, ఇంటికి తెచ్చుకున్నాను. మీ అత్త వాటిని చూసి ఒక్క మాటా అనలేదు, మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన పెట్టించింది.

బస్సు బాడీలకి రంగు వేసి బతికినవాణ్ణి కదా, రాకెట్టు బొమ్మ ఎంతలే అనుకున్నాను నేనూ. మీ బావ అమెరికా నుంచి వచ్చినప్పుడు నీ చేతిలో ఉన్నటువంటి కిట్టే తెచ్చాడు. పెట్టెలో కాగితం ఎలా చెబితే అలా వేసేశాను. పని బాగానే కుదిరింది, అంచులు కత్తితో కోసినట్టు వచ్చాయి. తీరా ఒకరోజు 1969 నాటి ఫోటో పక్కన పెట్టి చూస్తే, నేను వేసింది చంద్రుడి దగ్గరికి వెళ్ళిన రాకెట్టు కాదు! అసలు ఎప్పుడూ ఎగరని రాకెట్టు. నా బొమ్మ మీద ఏమో అపోలో 11 అని రాసి ఉంది. అందుకే చెబుతున్నా, రంగు ముట్టుకోకముందే ఏ రాకెట్టు చేస్తున్నావో, ఏ రోజుదో తేల్చుకో. మిగతావన్నీ తర్వాత.

శాటర్న్ ఫైవ్ అంటే ఒక్కటి కాదమ్మా. 1967 నవంబరు 9న అపోలో 4 తో మొదలై, 1973 మే 14న స్కైలాబ్‌ని మోసుకెళ్ళినదాకా మొత్తం 13 ఎగిరాయి. వీటికంటే ముందు 500ఎఫ్ అని ఒకటి కట్టారు. అది ఎగరడానికి కాదు. పెద్ద షెడ్డూ, లాంచి ప్యాడూ, గొట్టాలూ అన్నీ సరిగ్గా అమరుతున్నాయా లేదా అని చూసుకోవడానికి. 1966 మే 25న దాన్ని బయటికి తెచ్చారు. పెద్ద పెద్ద ఫోటోలు తీశారు. కొన్ని కిట్ల వాళ్ళు దాన్నే చూసి రంగుల కాగితం గీశారు. తేడా ఎక్కడంటే, మొదటి అంచెలో రెండు ట్యాంకుల మధ్య నిలువు ముడతలతో ఒక భాగం ఉంటుంది చూడు, 500ఎఫ్‌కి అక్కడ కూడా నల్ల పట్టీలున్నాయి. నలుపు ఎండని పీల్చుకుంటుంది, లోపల వేడెక్కుతుంది. అందుకని తర్వాత చంద్రుడి దగ్గరికి వెళ్ళినవాటికి ఆ ముడతల భాగాన్ని తెల్లగా ఉంచేశారు. నీ కాగితంలో అక్కడ నలుపు కనిపిస్తే కొట్టెయ్. పెన్నుతో పెద్ద అడ్డగీత పెట్టు, లేకపోతే పనిలో పడి మరిచిపోతావు.

ఆ నలుపు అసలు ఎందుకు వేశారో తెలుసా? అందానికి కాదు. రాకెట్టు పైకి వెళ్తూ తన చుట్టూ తను ఎంత తిరుగుతోందో కింద కెమెరాలకి తెలియాలి. ఒళ్ళంతా ఒకే తెలుపైతే తిరిగినా తెలియదు. అందుకే చుట్టుకొలతని నాలుగు భాగాలు చేసి నలుపూ తెలుపూ మార్చి మార్చి వేశారు. తెలుపుకీ కారణం ఉంది. లోపల ద్రవ ఆక్సిజన్ సున్నాకి కింద 183 డిగ్రీల్లో, ద్రవ హైడ్రోజన్ 253 డిగ్రీల్లో ఉంటాయి. ఫ్లోరిడా ఎండలో వాటిని కాపాడాలి. ఇది మనసులో పెట్టుకుంటే ఏ గీత ఎక్కడ ఆగాలో నీకే తడుతుంది.

నా మాట విని అపోలో 11 తీసుకో. 1969 జూలై 16. ఫోటోలు కావలసినన్ని దొరుకుతాయి, అన్ని వైపుల నుంచీ. స్కైలాబ్‌ది మాత్రం వద్దు. దానికి మూడో అంచె స్థానంలో ప్రయోగశాలే ఉంది, పైభాగం ఆకారమే వేరు, నీ కిట్టుతో అది రాదు.

నువ్వు హ్యూస్టన్‌లోనే ఉన్నావు, అదృష్టవంతురాలివి. జాన్సన్ స్పేస్ సెంటర్‌లో అసలుదే పడుకోబెట్టి ఉంది కదా. ఒక రోజు తీరిగ్గా వెళ్ళి చూసిరా. అక్కడున్న మూడు అంచెలూ ఎగరడానికని కట్టినవే, కాకపోతే ఒకే రాకెట్టువి కావు, మూడు వేర్వేరు రాకెట్లవి. 1977 నుంచి చాలా ఏళ్ళు ఎండకీ వానకీ ఆరుబయటే పడి ఉండి పాడైపోతే, తర్వాత పైన షెడ్డు వేసి బాగుచేశారు. అంటే నువ్వు చూసే రంగు తర్వాత వేసినది. కాబట్టి అక్కడ ఆకారాలు చూడు. ముడతలు ఎంత లోతున్నాయి, రెక్కలు ఒంటికి ఎలా కలిశాయి, రేకుల అతుకులు ఎక్కడున్నాయి, ఇవి. రంగు కోసం మాత్రం ఎగిరిన రోజు ఫోటోలే ఆధారం.

ఇక లెక్క ఒకటి చెబుతాను. నీది 144వ వంతు కిట్టు. అసలు రాకెట్టు 110 మీటర్ల పైచిలుకు ఎత్తు, నీది 77 సెంటీమీటర్లు వస్తుంది. అంటే నీ బొమ్మ మీద ఒక మిల్లీమీటరు అసలుదాని మీద 14 సెంటీమీటర్లు. లప్పం సరిగ్గా రుద్దక అర మిల్లీమీటరు గట్టు మిగిలిందనుకో, అసలు రాకెట్టు ఒంటి మీద ఏడు సెంటీమీటర్ల గట్టు ఉన్నట్టు! చూసేవాళ్ళకి లెక్క తెలియకపోయినా కంటికి తెలిసిపోతుంది, ఇది బొమ్మ అని. రంగు మందంగా కొట్టినా అంతే. బస్సుకి నేను దట్టంగా కోటు మీద కోటు కొట్టేవాణ్ణి, ఓనరుకి మెరుపు కావాలి కాబట్టి. నీకు అది పనికిరాదు.

పని ఎలా మొదలుపెట్టాలంటే, ముందు ముక్కలన్నీ గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో కడుగు. అచ్చులోంచి రావడానికి పూసిన జిడ్డు వాటి మీద ఉంటుంది, దాని మీద రంగు పట్టదు. ఆరాక రెండు సగాలూ అతికించు. అతికించాక ఆ రోజుకి వదిలెయ్. నిజంగా వదిలెయ్, మధ్యలో వేలు పెట్టి చూడకు. మర్నాడు జాయింటులో లప్పం పెట్టి, అది గట్టిపడ్డాక నీళ్ళు పెట్టి ఎమరీ పట్టు. 400, తర్వాత 600, చివర్లో 1000. గుండ్రటి ఒళ్ళు కదా, ఎమరీ కాగితాన్ని వేలికి చుట్టి రుద్దితే అక్కడ చదును పడుతుంది. మెత్తటి స్పాంజి ముక్కకి చుట్టుకుని అడ్డంగా రుద్దు. ముడతల భాగం దగ్గరికి వచ్చేసరికి పక్కన టేపు వేసి కాపాడుకో. ఒకసారి చెరిగాయంటే ఆ ముడతలు మళ్ళీ రావు.

ప్రైమరు బూడిద రంగుది కొట్టు, పల్చగా. ప్రైమరు పడ్డాకే జాయింటు అసలు రంగు బయటపడుతుంది. సన్నటి గీత ఒకటి కనిపిస్తుంది, కనిపించి తీరుతుంది. విసుక్కోకుండా మళ్ళీ లప్పం, మళ్ళీ ఎమరీ. నా షెడ్డులో కుర్రాళ్ళు ఇక్కడే ఏమార్చేవాళ్ళు, రంగు పడితే కప్పేస్తుందిలే మేస్త్రీ అని. రంగు కప్పదు అమ్ములూ, చూపిస్తుంది.

తెలుపు దగ్గర నీకో సంగతి చెప్పాలి. టామియా కంపెనీ స్ప్రే డబ్బాల్లో ప్యూర్ వైట్ అని ఉంటుంది, చేతికి మొదట అదే తగులుతుంది. అది కొడితే బొమ్మ బొమ్మలాగే కనిపిస్తుంది. నువ్వు మీటరు దూరంలో నిలబడి నీ బొమ్మని చూడటమంటే అసలు రాకెట్టుని 144 మీటర్ల దూరం నుంచి చూడటం. అంత గాలిలోంచి వచ్చేసరికి తెలుపు కాస్త మెత్తబడుతుంది, నలుపు కాస్త వెలిసిపోతుంది. అందుకని కొంచెం మీగడ ఛాయ ఉన్న రేసింగ్ వైట్ లాంటిది తీసుకో. నలుపుకి కూడా నువ్వు మూత తీసిన ఆ నిగనిగలాడే నలుపు వద్దు. నాటో బ్లాక్ అని ఉంటుంది, నలుపని పేరే గానీ ముదురు బూడిదే. పక్కపక్కన కొట్టి చూడు, నీకే తెలుస్తుంది.

కొట్టేటప్పుడు రాకెట్టుని ఒక కర్రకి గుచ్చి ఎడమ చేత్తో తిప్పుతూ ఉండు. డబ్బాని ఒక జానెడు పైగా దూరంలో పట్టుకో. నొక్కడం రాకెట్టు పక్కన గాలిలో మొదలుపెట్టాలి, అటు చివర దాటాక గాలిలోనే వదలాలి. ఒంటి మీద మొదలుపెట్టి ఒంటి మీద ఆపితే రెండు చోట్లా కారుతుంది. మొదటి కోటు బియ్యప్పిండి చల్లినట్టు పడితే చాలు, కింద బూడిద రంగు కనిపిస్తున్నా పరవాలేదు. ఆగి, మళ్ళీ. ఆగి, మళ్ళీ. ఇక్కడ ఎంత తొందరపడితే అంత వెనక్కి పోతావు.

వాతావరణం చూసుకో. మీ హ్యూస్టన్ కూడా మా బెజవాడలాగే చెమట ఊరు అంటున్నావు కదా. ముసురు పట్టిన రోజు డబ్బా ముట్టుకోకు. ఒకసారి శ్రావణమాసంలో, పెళ్ళివాళ్ళకి మర్నాటికి ఇస్తానని మాటిచ్చి, వానలో ఎన్.సి. రంగు కొట్టాను ఒక కారుకి. పొద్దునకి రంగు మీద తెల్లగా మసక పట్టి కూర్చుంది. థిన్నరు ఆవిరవుతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ అక్కడ చేరి రంగులో ఇరుక్కుంటుంది, అదీ సంగతి. మొత్తం గీకి మళ్ళీ వేశాను, పెళ్ళికొడుకు ఆటోలో వెళ్ళాడు. నువ్వు నవ్వకు.

ఇంకోటి, గట్టిగానే చెబుతున్నా. బాత్రూంలో తలుపేసుకుని స్ప్రే కొట్టకు. వంటింట్లో అసలే వద్దు, ఆ ఆవిరి పొయ్యి మంటకి అంటుకుంటుంది. గుడ్డ మాస్కు దుమ్మునే ఆపుతుంది, థిన్నరు వాసనని ఆపదు. రంగుల వాళ్ళు వాడే, పక్కన ఫిల్టర్ డబ్బాలుండే మాస్కు కొనుక్కో. ఖరీదని చూడకు. నేను ఇన్నేళ్ళు తువ్వాలు కట్టుకుని కొట్టి ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాను. మీ అమ్మకి ఈ ముక్క చదివి వినిపించకు.

తెలుపు బాగా ఆరాక టేపు పని. అసలు కష్టం ఇక్కడే, అసలు సరదా కూడా ఇక్కడే. గుండ్రటి దాని చుట్టూ టేపు తిప్పితే మొదలూ చివరా కలవాలి, అర మిల్లీమీటరు తేడా వచ్చినా తెలిసిపోతుంది. నేను చేసేదేంటంటే, సన్నటి కాగితం పట్టీ ఒకటి రాకెట్టు చుట్టూ తిప్పి, కలిసిన చోట కోసేస్తాను. మొదటి అంచెకి అది ఇరవై రెండు సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. దాన్ని మధ్యకి మడిచి, మళ్ళీ మధ్యకి మడిచి విప్పితే మూడు మడతలు, రెండు చివరలూ కలిసిన చోటు నాలుగోది. మళ్ళీ చుట్టి రెక్కలతో సరిచూసుకుని పెన్సిలుతో తాకీ తాకనట్టు గుర్తులు పెట్టు. నాలుగు భాగాలూ వచ్చేసినట్టే, స్కేలుతో పని లేదు. టేపు వేశాక అంచుని గోటితో కాదు, పళ్ళపుల్లతో నొక్కు. ఇప్పుడు తొందరపడి నలుపు కొట్టకు! ముందు ఆ టేపు అంచు మీద మళ్ళీ కొంచెం తెలుపే కొట్టు. టేపు కింద సందులుంటే ఆ తెలుపు దూరి మూసేస్తుంది, తెలుపు మీద తెలుపు కాబట్టి కనపడదు. ఆ తర్వాత నలుపు కొడితే కిందకి పాకడానికి దారి ఉండదు. నలుపు పూర్తిగా ఎండకముందే టేపుని వెనక్కి మడిచి మెల్లగా లాగు, నిలువుగా పైకి పీకకు.

పైభాగంలో అందరూ ఒకచోట పప్పులో కాలేస్తారు. ముగ్గురు కూర్చునే ఆ శంకువు ఆకారం గదికి వెండి రంగు వేస్తారు, మ్యూజియంలోనూ అంతరిక్షం ఫోటోల్లోనూ అలా చూసి. నేల మీద ఉన్నప్పుడు దాని పైన తెల్లటి తొడుగు ఉంటుంది, పైకెళ్ళాక ఆపదలో గదిని తప్పించే స్తంభంతో పాటు ఊడిపోతుంది. నీ బొమ్మకి పైన ఆ స్తంభం పెడుతున్నావంటే, గది తెల్లగానే ఉండాలి. దాని కింద సర్వీస్ మాడ్యూల్‌కి వెండి రంగు, అందులో మళ్ళీ రేడియేటర్ పలకలు తెల్లవి.

ఇంజన్ల సంగతీ ఇంచుమించు అదే. హ్యూస్టన్‌లో కనిపించే ఎఫ్-1 ఇంజన్లు గొట్టాలన్నీ బయటపడి ఒంటి మీద బట్టల్లేకుండా ఉంటాయి. ఎగిరినప్పుడు ఆ అయిదింటికీ లోహపు రేకు తొడిగిన ఇన్సులేషన్ చుట్టబెట్టి ఉంటుంది, మంటల వేడికి తట్టుకోవాలని. దాన్ని చూపించాలంటే చాక్లెట్ రేకు నలిపి చుట్టేవాళ్ళు కూడా ఉన్నారు. మొదటి బొమ్మకి నువ్వు అంత దూరం పోకు. కొంచెం మాసిన వెండి రంగు వేసి, సందుల్లోకి పల్చటి నలుపు జారనిచ్చి వదిలెయ్. నాకైతే ఆ గొట్టాలు కనబడితేనే ఇష్టం, తప్పయినా సరే. ఏ తప్పు చేస్తున్నావో తెలిసి చెయ్యాలి, అంతే.

ఎర్ర అక్షరాలూ జెండాలూ నీళ్ళలో నానబెట్టి జరిపే డెకాల్స్. వాటికి కింద నున్నగా మెరిసే ఒళ్ళు కావాలి. మాసినట్టుండే రంగు మీద నేరుగా పెడితే కింద గాలి ఇరుక్కుని వెండిలా మెరుస్తుంది. ముందు మెరిసే క్లియర్ ఒక కోటు, డెకాల్స్, అవి ఆరాక మెరుపు తగ్గించే క్లియర్. ఈ పనిలో నువ్వు నాకంటే నిదానం, భయం లేదు.

ఆఖర్న మురికి. నువ్వు చూపించిన వీడియోలో వాడెవడో రాకెట్టుకి తుప్పూ మసీ పులిమాడు చూడు, యుద్ధంలోంచి వచ్చిన ట్యాంకులాగా. వద్దమ్మా. శాటర్న్ ఒకే ఒక్కసారి ఎగురుతుంది. మొదటి అంచెని మిసిసిపీలో బిగించి ఒకసారి కాల్చి పరీక్షించేవారు, అంతకుమించి దానికి అనుభవం లేదు. ప్యాడ్ మీద నిలబడ్డ రోజున అది కొత్త పెళ్ళికూతురే. రేకుల అతుకుల మీద పెన్సిలుతో ఉందా లేదా అన్నట్టు గీతలు, ఇంజన్ల దగ్గర కొంచెం ఛాయ. ఆక్సిజన్ ట్యాంకు చుట్టూ మంచు పేరుకున్నట్టు చూపాలనిపిస్తే అక్కడ మాత్రం మాసిన తెలుపు ఇంకాస్త అద్దు. అక్కడితో చెయ్యి వెనక్కి తీసుకో.

మన పి.ఎస్.ఎల్.వి. ముందు చెయ్యనా అని అడిగావు. చెయ్యి, కాని దీని తర్వాత. ఎక్స్‌ఎల్ రకానికి పక్కన ఆరు చిన్న మోటార్లుంటాయి, వాటి మధ్య టేపు దూర్చడం ఇప్పుడే నీవల్ల కాదు. ఇదే కొలతలో 31 సెంటీమీటర్లే వస్తుంది, పొరపాటు ఇంకా పెద్దగా కనబడుతుంది. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్నప్పుడు నువ్వు వస్తే ఇద్దరం సూళ్లూరుపేట వెళ్ళి చూసొద్దాం, అప్పుడు మొదలుపెట్టు.

మీ అమ్మ ఎవరి చేతో నీకు ఆవకాయ పంపుతానంటోంది. ఉప్పు సంగతి నువ్వు మాత్రం ఎత్తకు. ఎమరీ కాగితాలు నేనూ పెడుతున్నాను, అక్కడివి ఎంత మంచివైనా సరే. మొదటిసారి టేపు లాగేటప్పుడు వీడియో కాల్ చెయ్. ఇక్కడ అర్ధరాత్రయినా లేపు, లాగేశాక ఫోటో పంపితే మాత్రం ఊరుకోను.

ఆశీస్సులతో,
మీ మావయ్య